అట్లాంటాలో అమ్మానాన్నలతో: టికెట్ల కంటే చెట్లే నయం

వేసవి వచ్చిందంటే అట్లాంటా ఉత్తర శివార్లయిన ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపు ఏ పార్కుకి వెళ్లినా సాయంత్రం పూట చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకున్న అమ్మలు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే నాన్నలు కనిపిస్తారు. పిల్లల దగ్గరికి వచ్చిన వాళ్లకి ఊరు చూపించాలనగానే మనవాళ్లందరి దగ్గరా ఒకటే జాబితా: అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, దాని పక్కనే ఇంకో టికెట్, ఇంకో క్యూ. నలుగురు వెళ్తే ఒక్క అక్వేరియానికే 200 డాలర్లు దాటిపోతుంది, పార్కింగ్ వేరు. అక్కడి వేల్ షార్కులని ఒకసారి చూడాల్సిందే, కాదనను. కానీ డబ్బంతా డౌన్‌టౌన్‌లో పోసేసి, మిగతా రోజులు పెద్దవాళ్లని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఈ ఊరికి అసలు అందం చెట్లు, బండలు, నది. వాటిలో చాలావాటికి టికెట్టే లేదు.

మొదట వెళ్లాల్సింది ఆబర్న్ అవెన్యూ. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన వీధి అది. ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు. ప్రవేశం ఉచితం, పార్కింగ్ కూడా ఉచితం. ఆయన పుట్టిన ఇల్లు 501 నంబరుది. మరమ్మతుల కోసం దాన్ని 2023లో మూసేశారు కాబట్టి లోపలికి వెళ్లాలనుకునేవాళ్లు ముందే పార్కు వెబ్‌సైట్ చూసుకోవాలి. ఇల్లు బయటి నుంచే చూసినా నష్టం లేదు, ఎందుకంటే మిగతాది చాలా ఉంది. విజిటర్ సెంటర్ బయట గాంధీగారి విగ్రహం ఉంటుంది, 1998లో భారతదేశం నుంచి వచ్చింది. మా నాన్నగారు దాని ముందు బూట్లు విప్పి నిలబడ్డారు. పక్కనున్న నల్లజాతి పెద్దాయన ఒకరు అది చూసి తన టోపీ తీశారు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

వీధికి అవతల కింగ్ పాస్టర్‌గా ఉన్న పాత ఎబెనెజర్ చర్చి. లోపల చెక్క బల్లల మీద కూర్చుంటే స్పీకర్లలో కింగ్ గొంతు వినిపిస్తూ ఉంటుంది. 1959లో కింగ్ దంపతులు ఇండియా వచ్చినప్పుడు, తిరువనంతపురంలో ఒక బడి హెడ్మాస్టర్ ఆయన్ని పిల్లలకి పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అన్నారట. మొదట మనసు చివుక్కుమన్నా, కాసేపు ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే, నా దేశంలో ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనుకున్నానని 1965లో ఇదే చర్చిలో ఆయనే చెప్పారు. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు. ఆ సంగతి తెలుగులో చెప్పాక, ఇంకాసేపు ఉందాం అంది. పక్కనే నీలం రంగు నీటి కొలను మధ్యలో ఆయనదీ, భార్య కొరెట్టాదీ సమాధి. పూట పట్టే చోటు ఇది, గంటలో ముగించేయకండి.

అక్కడి నుంచి కాస్త నడిచే ఓపిక ఉంటే బెల్ట్‌లైన్ అందుతుంది. పాత రైలు పట్టాలు తీసేసి నడకదారి వేశారు. 1999లో జార్జియా టెక్ విద్యార్థి ఒకతను థీసిస్‌లో రాసిన ఆలోచన ఇది. ఊరి చుట్టూ 22 మైళ్ల వలయం చేయాలని సంకల్పం, తూర్పు భాగం ఎప్పుడో పూర్తయింది. గోడల మీద రంగుల బొమ్మలు, కుక్కలతో జనం, మధ్యలో చిన్న చెరువున్న ఫోర్త్ వార్డ్ పార్కు, ఉత్తరం కొసన పీడ్మంట్ పార్కు. కుర్రాళ్లకి చాలా బాగుంటుంది. పెద్దవాళ్లతో మాత్రం శని, ఆదివారాలు వద్దు. ఎలక్ట్రిక్ స్కూటర్లు వెనక నుంచి చప్పుడు లేకుండా దూసుకొస్తాయి, అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఒకటే టెన్షన్. పనిరోజు పొద్దున వెళ్లండి. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పీడ్మంట్ పార్కులో గడ్డి మీద కూర్చుంటే మధ్యాహ్నం ఖర్చు కూడా లేదు.

ఇక బండల సంగతి. స్టోన్ మౌంటెన్ పేరు వినని వాళ్లుండరు. మన భువనగిరి కొండలాగే ఒకే ఏకశిల, చుట్టుపక్కల నేల కంటే 825 అడుగుల ఎత్తు. కాలిదారి ఒక మైలే గానీ చివర నిటారుగా ఉంటుంది, పట్టుకోడానికి ఇనుప కమ్మీలు ఉన్నాయి. ఎక్కడానికి టికెట్ లేదు, బండికి 20 డాలర్లు మాత్రం కట్టాలి. కేబుల్ కారుకి మళ్లీ వేరే. పైనుంచి చూస్తే ఊరంతా అడవే, ఆ పచ్చదనంలోంచి డౌన్‌టౌన్ మేడలు తలలు బయటపెట్టి ఉంటాయి. కానీ ఆ కొండ మీద చెక్కింది ఎవరినో పిల్లలకి చెప్పకుండా ఫొటో దిగి వచ్చేయకండి. బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ నాయకులు ముగ్గురు వాళ్లు. ఆ శిల్పం పూర్తయింది 1972లో. నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ ప్రాణం పోసుకున్నది కూడా ఈ కొండ మీదే. 1963లో వాషింగ్టన్ ప్రసంగంలో స్వేచ్ఛాగంట మోగాలని కింగ్ పేరు పెట్టి పిలిచిన కొండల్లో ఇదొకటి. అందుకే ఆబర్న్ అవెన్యూ చూశాకే ఇక్కడికి రావాలంటాను.

ఒక్క బండకే సమయం ఉందంటే నేను చెప్పేది స్టోన్ మౌంటెన్ కాదు, అరేబియా మౌంటెన్. లిథోనియా దగ్గర, ఊరికి తూర్పున. ప్రవేశానికీ పార్కింగ్‌కీ పైసా లేదు. చదునుగా పరుచుకున్న బూడిద రంగు రాతి మీద, దారి గుర్తుగా పేర్చిన చిన్న రాళ్ల గుట్టలు చూసుకుంటూ నడవాలి. ఎత్తు తక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కేస్తారు. అసలు విశేషం మార్చి, ఏప్రిల్ నెలల్లో. రాతి మీద అక్కడక్కడా పళ్లెమంత గుంటలు, వాటిలో అంగుళం మందాన మట్టి, కాసిని వాన నీళ్లు. వాటి నిండా డయామార్ఫా అనే చిట్టి మొక్క, ఎర్రగా కుంకుమ పోసినట్టు. వంగి చూస్తే ఆ ఎరుపు మీద ఆవగింజంత తెల్ల పూలు. ఇలాంటి రాతి బండల మీద తప్ప ఈ మొక్క బతకదు. అడుగేస్తే ఆ గుంట పాడైపోతుంది కాబట్టి పిల్లల్ని గట్టిగా హెచ్చరించి తీసుకెళ్లండి. నీడ అసలు ఉండదు, జులైలో పది దాటాక వెళ్లొద్దు.

వేసవిలో వెళ్లాల్సింది చటహూచీ నది. జాతీయ పార్కుల శాఖ కింద ఉంది, బండికి రోజుకి 5 డాలర్లు. ఎగువన బ్యూఫర్డ్ డ్యామ్ జలాశయం అడుగు నుంచి నీళ్లు వదులుతారు, అందుకే మండు వేసవిలో కూడా కాలు పెడితే జివ్వుమంటుంది. కుర్రాళ్లు గాలి నింపిన ట్యూబుల్లో పడి గంటల తరబడి తేలుతూ పోతారు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, డ్యామ్ నీళ్లు వదిలితే మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. పెద్దవాళ్లకి కోక్రన్ షోల్స్ దగ్గర నది ఒడ్డున చదునైన వెడల్పాటి దారి ఉంది, దాదాపు మూడు మైళ్ల చుట్టు. అంతా నడవక్కర్లేదు. దుంగల మీద ఎండ కాచుకునే తాబేళ్లు, ఒంటికాలి మీద నిలబడ్డ నీలి కొంగలు చూస్తూ అమ్మావాళ్లు ఎంతసేపైనా ఉండిపోతారు. సెలవు రోజుల్లో పొద్దెక్కితే పార్కింగ్ దొరకదు, తెల్లారే చేరుకోవాలి.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బస గురించి అడుగుతుంటారు. డౌన్‌టౌన్ హోటళ్లలో గది అద్దె చూసి మురిసిపోవద్దు. మా అక్కావాళ్లు దిగిన ఒక హోటల్లో రాత్రికి పార్కింగే 50 డాలర్లు వేశారు, ఆ సంగతి బుకింగ్ పేజీలో అట్టడుగున ఎక్కడో ఉంది. దానికంటే డన్‌వుడీ, శాండీ స్ప్రింగ్స్ వైపు ఆఫీసుల మధ్య ఉన్న హోటళ్లు మేలు. పనిరోజుల్లో రేటు ఎక్కువే, శని, ఆదివారాలకి దిగుతుంది. చిన్న వంటగది ఉన్న గది తీసుకుంటే అన్నం, చారు చేసుకోవచ్చు, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అది పెద్ద నిశ్చింత. మార్టా (ఇక్కడి మెట్రో) రైలు స్టేషను దగ్గరుంటే డౌన్‌టౌన్‌కీ ఎయిర్‌పోర్టుకీ 2.50 డాలర్లతో అయిపోతుంది. రైలు శుభ్రంగానే ఉంటుంది, పగటిపూట ధైర్యంగా ఎక్కవచ్చు. కానీ బండలకీ నదికీ రైలు లేదు. కాబట్టి ఆబర్న్ అవెన్యూ, బెల్ట్‌లైన్ ఒక రోజు రైల్లో చూసేసి, మిగతా వాటికే కారు అద్దెకి తీసుకోండి.

అడవిలో పడుకోవాలని సరదా ఉంటే పడమట స్వీట్‌వాటర్ క్రీక్ స్టేట్ పార్కులో యర్ట్‌లు ఉన్నాయి. గుండ్రటి గుడారం, లోపల మంచాలు, కరెంటు. బాత్రూములు మాత్రం కాస్త దూరంలో. మోకాళ్లు సహకరించని వాళ్లకి రాత్రిపూట కష్టం, పిల్లలున్న కుటుంబాలకి మాత్రం పండగే. అక్కడి వాగు వెంట అరమైలు నడిస్తే పాత బట్టల మిల్లు గోడలు కనిపిస్తాయి. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తగలబెట్టింది. అందులో పనిచేసే ఆడవాళ్లనీ పిల్లల్నీ రైలెక్కించి ఉత్తరాదికి పంపేశారు. పగటికి మాత్రమే వచ్చేవాళ్లు పార్కింగ్ కడితే చాలు. యర్ట్ కావాలంటే అక్టోబరు, నవంబరు నెలలకి ఎండాకాలంలోనే బుక్ చేసుకోండి. ఆకులు రంగు మారే రోజులవి, ఆలస్యం చేస్తే ఒక్కటీ మిగలదు.