గుంటూరు లాబ్‌ల వాళ్లూ, క్లినిక్‌ల వాళ్లూ జాగ్రత్త: ఆసుపత్రి చెత్త తీసుకెళ్తానని డబ్బు కట్టించుకుని ఖాళీ స్థలాల్లో పారేస్తున్నాడు

కొత్తపేట, అరండల్‌పేట, బ్రాడీపేటల్లో చిన్న లాబ్‌లు, పళ్ల క్లినిక్‌లు నడిపేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆ ట్రాలీ ఆటో మనిషి మీలో చాలామందికి తెలుసు. "ఆసుపత్రి చెత్త శుద్ధి చేసే ప్లాంటుతో టైఅప్ ఉంది మేడం, పొల్యూషన్ బోర్డు పేపర్లు కూడా మేమే చూసుకుంటాం" అంటూ లాబ్ లాబ్‌కీ తిరిగేవాడే. ఏడాది డబ్బు 18 వేలు ఒకేసారి కట్టించుకున్నాడు. రసీదు, అగ్రిమెంటు, బార్‌కోడ్ స్టిక్కర్లు అన్నీ ఇచ్చాడు. కవర్లు కూడా వాడే తెచ్చేవాడు.

నిన్న పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశారు. నల్లపాడు వైపు ఖాళీ స్థలంలో మీ లాబ్ పేరున్న కవర్లు దొరికాయి, రమ్మన్నారు. వెళ్లాను. ప్లాస్టిక్ చెత్త వేసే ఎర్ర కవర్లన్నీ నిలువునా కోసేసి ఉన్నాయి. సిరంజిలు, సెలైన్ సీసాలు, ట్యూబింగ్ ఏరుకుపోయారు. సూదులు మేం తెల్ల డబ్బాలో వేసి, సీలు వేసి ఇస్తాం. ఆ డబ్బాలు కూడా పగలగొట్టి ప్లాస్టిక్ పట్టుకుపోయి, సూదులు అక్కడే మట్టిలో గుమ్మరించారు. నెత్తుటి దూది, గాజుగుడ్డ ముక్కలు కుక్కలు లాగేసి ఉన్నాయి. మావే కాదు, ఇంకా ఎవరెవరివో కవర్లు.

పక్కన గట్టు మీద పారిశుధ్య కార్మికురాలు కూర్చుని ఉంది. కవరు ఎత్తబోతుంటే బొటనవేలిలో సూది దిగింది. వేలికి కొంగు చుట్టుకుని, "ఏ రోగమున్నోళ్ల సూదమ్మా ఇది?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను? ఆ కుప్పలో సూది ఎవరిదో ఎవరికి తెలుసు? సబ్బు నీళ్లతో కడిగించి వెంటనే జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) తీసుకెళ్లాను. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా ఎప్పుడైనా వేయించుకుందో లేదో ఆవిడకే గుర్తులేదు. ఆ వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. ఇక నెలల తరబడి రక్తపరీక్షలు, ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా భయం. ఇదంతా ఆవిడకెందుకు పట్టాలండీ?

జీజీహెచ్ వరండాలోంచే వాడికి ఫోన్ చేశాను. వాడన్న మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. "చెత్త ఎక్కడికి పోతే మీకెందుకు మేడం? మీకు ఇన్‌స్పెక్షన్‌లో చూపించడానికి పేపర్ కావాలి, ఇచ్చాం కదా." ఒక మనిషికి సూది గుచ్చుకుంది, ఆస్పత్రిలో ఉన్నాం అన్నాను. "గ్లవ్స్ వేసుకోకపోతే అది వాళ్ల తప్పు" అని పెట్టేశాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

మాకెందుకంటాడేమిటి? మేం డబ్బు కట్టిందే ఆ చెత్త చేరాల్సిన చోటికి చేరడానికి. నెత్తుటి దూది లాంటివి వేసే పసుపు కవరు, చెత్తని కాల్చే యంత్రానికి పోవాలి. ఎర్ర కవరులో ప్లాస్టిక్‌ని ఆవిరిలో శుద్ధి చేసి, ముక్కలు చేసి, ఆ తర్వాతే రీసైక్లింగ్‌కి ఇవ్వాలి. గాజు నీలం డబ్బాలో. మా టెక్నీషియన్ పిల్లలు ఒక్క రోజు కూడా కలపకుండా దేనికది వేరుచేసి, రక్తం శాంపిళ్లు లాబ్‌లోనే శుద్ధి చేసి పంపుతారు. ఆసుపత్రి చెత్త మీద ఉన్న 2016 నిబంధనల ప్రకారం ఆ బాధ్యత మాది, మేం చేశాం. వాడు తుక్కు కొట్టుకి అమ్ముకున్నాడు.

"సిరంజిలు కట్ చేయకండి, ప్లాంటు వాళ్లు తీసుకోరు" అని వాడు మా పిల్లలకి పదేపదే చెప్పేవాడట. కట్ చేసిన సిరంజికి కొనేవాడు ఉండడు, అదీ సంగతి. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి చెలరేగి పదుల మంది చనిపోయింది వాడేసిన సిరంజిలు మళ్లీ వాడినందుకే. వాడేసిన సిరంజిలు తిరిగి అమ్మే వ్యాపారం అప్పుడు బయటపడింది. మన ఊళ్లో ఏరుకుపోయిన ఆ సిరంజిలు ఎక్కడికి చేరాయో తలుచుకుంటేనే నిద్ర పట్టట్లేదు.

డబ్బు కట్టేముందు మధ్యవర్తిని నమ్మకండి. ట్రీట్‌మెంట్ ప్లాంటుకే నేరుగా ఫోన్ చేసి, మీ లాబ్ పేరు వాళ్ల సభ్యుల జాబితాలో ఉందో లేదో అడగండి. బండి మీద బయోహజార్డ్ గుర్తు (రోగాలు అంటించే చెత్త అని హెచ్చరించే బొమ్మ), ప్లాంటు పేరు, ఫోన్ నంబరు ఉండాలి. కవరు మీ ఎదుటే స్కాన్ చేసి తూకం వేయాలి. 48 గంటలు దాటి చెత్త మీ దగ్గర ఉండిపోతోందంటే ఊరుకోవద్దు.

పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి, మున్సిపల్ కార్పొరేషన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. వాడికి డబ్బు కట్టినవాళ్లు రసీదులు, ఆ స్టిక్కర్ల రోళ్లు పారేయకుండా తీసుకురండి, అందరం కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం. ఆవిడ మందుల ఖర్చు, పనికి వెళ్లలేని రోజుల కూలి కూడా వాడి చేతే కట్టించాలి.