పడవ ట్రైలర్‌కి పట్టీ వించ్: విశాఖ ఉప్పుకి ఆగుతుందా?

ఆరు మీటర్ల లోపు తెరచాప పడవకి ఈ చేతి వించ్ (హ్యాండిల్ తిప్పి పట్టీ చుడుతూ పడవను ట్రైలర్ మీదికి లాగే పరికరం) సరిపోతుంది. ఇనుప తీగ బదులు పాలిస్టర్ పట్టీ కాబట్టి పోగులు లేచి అరచేతులు చీరేసే బాధ లేదు. అయితే పడవ బరువంతా దీంతోనే లాగించకండి. సెంటర్‌బోర్డు (పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక), చుక్కాని పైకెత్తి, ట్రైలర్ మడ్‌గార్డులు నీళ్లను తాకేదాకా దింపి, పడవను తేలుస్తూ తెచ్చి, చివరి రెండడుగులే వించ్‌తో బిగించాలి. ట్రైలర్‌ని మరీ లోతుకు దింపితే పడవ వెనకభాగం పక్కకి జరిగి, ఒడ్డుకొచ్చాక వంకరగా కూర్చుంటుంది. పాటు వేళ ర్యాంపు (పడవ దింపే వాలు) మీది నాచు బయటపడి టైర్లు జారతాయి. పోటు చూసుకుని దిగడం మేలు.

లోపమల్లా పాల్ (గేరు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) స్ప్రింగే. జింకు పూత మరీ పలచన. తుప్పుపడితే పాల్ గేరు పళ్లలో కూర్చోదు, హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. స్టెయిన్‌లెస్ స్ప్రింగ్ వేయించి, వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి. రోడ్డెక్కేముందు పడవ ముక్కుకి విడిగా గొలుసు కట్టాల్సిందే.