కంప్రెసరా, సబ్‌మర్సిబులా? ముందు మీ బోరు ఊట చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే మా కాలనీలో పలకరింపులు మారిపోతాయి. "బాగున్నారా" పోయి "మీ బోరు పోస్తోందా" వస్తుంది. ఆ వెంటనే రెండో ప్రశ్న: "మీరు కంప్రెసర్ పెట్టించారట కదా, అదే మేలా? సబ్‌మర్సిబులే ఉంచుకోమంటారా?" ఈ ఎండాకాలం ఇప్పటికి నలుగురు అడిగారు. ఒకాయన పొద్దున్నే పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకునే అరగంట నిలబడి అడిగాడు, ఇంట్లోంచి ఫోన్ వస్తే గానీ కదల్లేదు. ఇక గేటు దగ్గర చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. తెలియనివాళ్లకు ఒక్క మాట: బోరు లోపల నీళ్లలో మునిగి తిరిగే మోటారు సబ్‌మర్సిబుల్, నేల మీదే ఉండి బోరులోకి గాలి ఊది నీళ్లు పైకి లేపేది కంప్రెసర్.

మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో రెండంతస్తుల సొంత ఇల్లు. ఆరున్నర ఇంచుల బోరు, 300 అడుగుల లోతు. మూడేళ్లలో రెండుసార్లు సబ్‌మర్సిబుల్ మోటారు కాలిపోయింది. రెండోసారి తీయించిన రోజు బాగా గుర్తుంది. ఇరవై అడుగుల జీఐ పైపులు పద్నాలుగు. ఒక్కో పైపూ పైకి లాగడం, క్లాంపు బిగించడం, విప్పి గోడకు ఆనించడం. మోటారు పైకొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పంపు జాలీ నిండా మొరం పొడి, తడి సిమెంటులా పట్టుకుపోయి ఉంది. వైండింగ్ దగ్గర మాడు వాసన. నేను "ఇక బోరు అయిపోయినట్టే, ట్యాంకర్లే గతి" అనుకుంటుంటే మెకానిక్ తమ్ముడు చేతులు కడుక్కుంటూ అన్నాడు: "బోరుల నీళ్లు లేక కాదు సార్. గింత ఊటకు గంత మోటరు పెడితే ఎట్లుంటది?"

నేను చెప్పబోయేదంతా దాదాపు ఆ ఒక్క మాటే. అందరూ అడిగేది ఎన్ని అడుగుల బోరు, ఎన్ని హెచ్‌పీ, ఏ కంపెనీ అని. ఊట ఎంత అని అడిగినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు బండ. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ తర్వాత రాయే. నీళ్లు ఉండేది ఆ మొరంలోనూ రాతి పగుళ్లలోనూ. బోరు వేసేవాళ్లు "గ్యాప్ తగిలింది" అనేది ఆ పగులునే. మనం తవ్వించే బోరు నీటి నిల్వ మీద పెట్టిన గొట్టంలాంటిదనుకుంటాం. అసలు లెక్క వేరు. ఆరున్నర ఇంచుల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు పడతాయి. మా బోరులో ఎండాకాలం 160 అడుగుల దగ్గర నీళ్లుంటాయి, మోటారు 280 దగ్గర ఉండేది. మధ్యలో 120 అడుగులు, అంటే 780 లీటర్లు. నీళ్లపైపూ కేబులూ ఆక్రమించింది తీసేస్తే ఇంకాస్త తక్కువే. మోటారు వేసిన మొదటి అరగంట మనకు వచ్చేది చాలావరకు ఆ గొట్టంలో రాత్రంతా చేరిన సరుకు. అది అయిపోయాక వచ్చేదే ఊట.

ఊట కొలవడానికి ఖర్చేమీ లేదు. ఇరవై లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మా పాత ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ బకెట్‌ను 40 సెకన్లలో నింపేది, అంటే నిమిషానికి 30 లీటర్లు. అరగంట కాగానే ధార తెగి గాలి కక్కేది. ఆపి సరిగ్గా గంట ఆగి మళ్లీ వేస్తే ఎనిమిది నిమిషాలు పోసి మళ్లీ తెగింది. ఎనిమిది నిమిషాల్లో 240 లీటర్లు. ఆగిన గంట, నడిచిన ఎనిమిది నిమిషాలు కలిపి 68 నిమిషాల్లో ఊరింది అంతే. నిమిషానికి మూడున్నర లీటర్లు! మూడున్నర ఊరే చోట ముప్ఫై లాగే మోటారు పెట్టుకుని, అది కాలిపోతే బోరును తిట్టాం. తమాషా ఏమిటంటే ఆ మూడున్నరే రోజంతా తీయగలిగితే ఐదు వేల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లని నగరాల లెక్క. ఐదుగురున్న ఇంటికి ఏడు వందల లీటర్లు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు రెండు యంత్రాల సంగతి. బోరులోకి మోటారు దింపడం ఎందుకు, పైన పెట్టి పీల్చుకోవచ్చు కదా అంటే కుదరదు. పీల్చేటప్పుడు నీటిని పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడే. 1640లలో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి పాదరసం గొట్టంతో తేల్చిన విషయమిది. సముద్రమట్టం దగ్గర ఆ హద్దు 10.3 మీటర్లు. మన ఊరు 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది కాబట్టి మనకు ఇంకో అర మీటరు తక్కువే. ఆచరణలో ఏడు మీటర్లు పీలిస్తే గొప్ప. అందుకే నీళ్లను కిందినుంచి తోయాలి. తోయడానికి మోటారునే కిందికి పంపేది సబ్‌మర్సిబుల్, గాలిని పంపేది కంప్రెసర్. రెండూ ఇంటి నీళ్ల కోసం పుట్టినవి కావు. నీళ్లలోకి గాలి ఊది పైకి లేపే పద్ధతిని 1797లో లోషర్ అనే జర్మన్ గనుల ఇంజినీరు కనిపెట్టాడు. నీళ్లలో మునిగే మోటారును అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన అర్మేనియన్ ఇంజినీరు అరుటునోఫ్ తయారుచేశాడు, 1920లలో అమెరికా చమురు బావుల్లో దింపాడు. చమురు బావిలో పుట్టిన సన్న మోటారు మన బోరుకు చక్కగా సరిపోయింది.

సబ్‌మర్సిబుల్‌కు పనితనంలో సాటి లేదు. చప్పుడు ఉండదు. నీళ్లు నేరుగా పై ట్యాంకుకు ఎక్కుతాయి. కరెంటు తక్కువ. కానీ ఆ మోటారు చల్లబడేది చుట్టూ పారే నీటితోనే, లోపలి బేరింగులకు నూనె బదులు చాలా రకాల్లో నీళ్లే. నీళ్లు తెగిన తర్వాత అది తిరిగే ప్రతి నిమిషమూ దాని ఆయుష్షులోంచి పోతుంది. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. మోటారు కింద ఉంటుంది, పంపు దాని పైన. గ్యాపు మోటారుకు పైన ఉంటే ఊరిన నీళ్లు పై నుంచే దిగి జాలీలోకి పోతాయి, మోటారును తాకుతూ పారవు. నిలవ నీటిలో కూర్చుని అది వేడెక్కుతూ ఉంటుంది. బోరు వేసిన రోజు ఎన్ని అడుగుల దగ్గర గ్యాపులు తగిలాయో రాసిపెట్టుకోమని అందుకే అంటాను. ఎవరూ రాసుకోరు. నేనూ రాసుకోలేదు.

కంప్రెసర్‌లో బోరులోకి దిగేవి రెండు పైపులే: గాలికి సన్నది, నీళ్లకు లావుది. సిలిండర్లు, మోటారు, బెల్టు అన్నీ నేల మీద. కింద పైపులోకి ఊదిన గాలి నీటితో కలిసి నురుగవుతుంది. నురుగు తేలిక కాబట్టి బయటున్న బరువైన నీళ్లు దాన్ని పైకి నెట్టేస్తాయి. మొదటిసారి బకెట్ పట్టినప్పుడు మా ఆవిడ "ఇవేం నీళ్లు, పాలలా ఉన్నాయి" అని కంగారు పడింది. నిమిషం ఆగితే అడుగునుంచి తేటబడుతూ పైకి వస్తాయి. బుడగలు లేచిపోవడమే అది.

నాకు దీంట్లో నచ్చింది ఊట దగ్గర దాని మర్యాద. నీటిమట్టం దిగేకొద్దీ ధార దానంతటదే తగ్గుతుంది. ముప్పావుగంట బాగా పోసి, ఆ తర్వాత ఊట ఎంతో దాదాపు అంతే, కాస్త నీళ్లు కాస్త గాలిగా తుప్పుతుప్పున పోస్తుంది. మరీ దిగిపోతే ఉత్త గాలి వస్తుంది. అంతే, ఏదీ కాలదు. మొరం పొడి వచ్చినా అరగడానికి కింద తిరిగే సామానే లేదు. చెడిపోతే బెల్టో వాల్వు ప్లేటో కంటి ముందే చెడిపోతుంది, పద్నాలుగు పైపులు విప్పక్కర్లేదు. రెండు మోటార్లు కాల్చుకున్నవాడికి ఈ నిశ్చింత ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

అయితే దీని ఖరీదు కూడా చెప్పాలి. మా రెండు హెచ్‌పీ కంప్రెసర్ అదే బకెట్‌ను ఒకటిన్నర నిమిషానికి నింపుతుంది. ఐదు వందల లీటర్లకు సబ్‌మర్సిబుల్ అర యూనిట్ లోపు తాగేది, ఇది యూనిట్ పైనే తాగుతుంది. దాదాపు మూడింతలు. పైగా ఆ డుగుడుగు శబ్దం. పక్కింటి పెద్దాయన మధ్యాహ్నం పడుకుంటారని మేము ఉదయం ఏడింటికొకసారి, సాయంత్రం ఐదింటికొకసారి నలభై నిమిషాల చొప్పున వేస్తాం. సిలిండర్‌లోని ఆయిల్ కాస్త గాలితో పాటు నీళ్లలోకీ వస్తుంది, సంపులో సన్నటి జిడ్డు పొర కనిపిస్తుంది. మేము తాగడానికి నల్లా నీళ్లే వాడతాం కాబట్టి సరిపోయింది. బోరు నీళ్లే తాగేవాళ్లు ఆయిల్ పడని కంప్రెసర్ అడగండి, లేదా ఈ ఆలోచన మానుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే బెల్టుకు జాలీ మూత లేకుండా పెట్టించొద్దు.

అసలు హద్దు ఇంకొకటి. కంప్రెసర్ నడవాలంటే పైపులో దాదాపు సగం నీళ్లలో మునిగి ఉండాలి. మూడో వంతు కన్నా తగ్గేకొద్దీ గాలి నీళ్లను వదిలేసి ఒక్కటే పైకి వచ్చేయడం ఎక్కువవుతుంది. మా 280 అడుగుల పైపులో ఎండాకాలం 120 మునిగి ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తోంది. బోరు అడుగున ఉన్న చివరి యాభై అడుగుల నీళ్లు దానికి అందవు, సబ్‌మర్సిబుల్ అయితే అవీ లాగేస్తుంది. అదే మాదాపూర్, కొండాపూర్ వైపు వెయ్యి అడుగుల బోరు, నీళ్లు 700 దగ్గర అంటే ఇక కంప్రెసర్ మాటే వద్దు. అపార్టుమెంట్లకూ వద్దు, వాళ్లకు కావాల్సిన నీళ్లు ఇది ఇవ్వలేదు. ఇంకో మాట, కంప్రెసర్ నీళ్లను నేరుగా డాబా మీది ట్యాంకుకు ఎక్కించకండి. ఆ ముప్ఫై అడుగులూ కలిసి పని ఇంకా కష్టమవుతుంది. సంపులోకి వదిలి, అక్కణ్నుంచి చిన్న మోనోబ్లాక్ పంపుతో పైకి పంపుకోవాలి.

మరి ఎవరికి ఏది? బకెట్ లెక్కలో ఊట నిమిషానికి పాతిక, ముప్ఫై లీటర్లు వస్తే కళ్లు మూసుకుని సబ్‌మర్సిబుల్. ఊట పదీ పదిహేను మధ్య ఉండి, నీళ్లు తేటగా ఉంటే కూడా సబ్‌మర్సిబులే, కాకపోతే హెచ్‌పీ తగ్గించి, స్టార్టర్ బోర్డులో డ్రై రన్ రిలే, టైమర్ పెట్టించండి. నీళ్లు తెగితే కరెంటు తాగడం తగ్గుతుంది, అది కనిపెట్టి రిలే మోటారును ఆపేస్తుంది. ఈ చిన్న డబ్బా సంగతి ముందే తెలిసి ఉంటే నా రెండో మోటారన్నా బతికేదేమో. షాపులో మాత్రం "ఎందుకైనా మంచిది" అని ఎప్పుడూ ఒక హెచ్‌పీ ఎక్కువదే అంటగడతారు. ఊట ఐదు లోపు, మొరం పొడి వస్తుంది, బోరు మూడు నాలుగు వందల అడుగుల లోపు అంటే నా ఓటు కంప్రెసర్‌కే. మా వైపు సొంత ఇళ్లలో ఇలాంటి బోర్లే ఎక్కువ.

జెట్ పంపు (పైనుంచి కొంత నీటిని బోరులోకి తోసి, ఆ ఊపుతో నీళ్లు పైకి తెచ్చేది) గురించి కూడా ఇద్దరు అడిగారు. నీళ్లు వంద అడుగుల లోపే ఉంటే చూడొచ్చు, ఇప్పుడు మా చుట్టుపక్కల ఆ యోగం లేదు. చేతిపంపు పాత బోరు మీద ఉంటే పీకేయకండి, కరెంటు లేనప్పుడు పనికొస్తుంది. కొత్త బోరు వేయిద్దామనేవాళ్లకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలన్నది గుర్తుచేయడం తప్ప చెప్పేదేమీ లేదు. పక్కింటి బోరుకు పదడుగుల దూరంలో తవ్వితే తగిలేది చాలాసార్లు అదే పగులు. ఆ డబ్బులో కొంత పెట్టి డాబా మీది వాన నీళ్లను ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే ఉన్న బోరే కొంత తేరుకుంటుంది. మేము మూడేళ్ల కింద తవ్వించాం.

ఆ గుంత పనిచేస్తోందో లేదో కంప్రెసరే చెబుతోంది. దీన్ని ఆన్ చేయగానే గాలి ఒత్తిడి చూపే గేజి ముల్లు మెల్లగా ఎక్కి, కింద పైపు చివర గాలి బయటపడే దాకా పోయి, అక్కడ ఒక్క క్షణం ఆగి దిగుతుంది. ఆ ఆగిన చోట ఒక కేజీ ఒత్తిడికి పది మీటర్ల నీళ్లని లెక్కేసుకుంటే గాలి పైపు చివర మీద ఎంత నీరు నిలిచి ఉందో తెలిసిపోతుంది. పోయిన ఆగస్టులో ఆరు దాకా వెళ్లింది, అంటే నీళ్లు 80 అడుగులకే వచ్చాయి. రోజూ ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకుని ముల్లు చూడటం నాకు అలవాటైపోయింది, మా ఆవిడ దీన్ని నా బీపీ మిషన్ అంటుంది. ఈ ఉదయం 3.4 దగ్గర ఆగింది. వానలకు ఇంకా నెలన్నర ఉంది.