ఎస్‌ఎంపీఎస్ టెస్టర్: 'ఫెయిల్' అంటే నమ్మొచ్చు, 'ఓకే' అంటే ఆగాలి

బటన్ నొక్కితే లైటు రాదు, ఫ్యాన్ తిరగదు, చప్పుడు లేదు. ఇంట్లో కంప్యూటర్ ఇలా పడిపోతే ముందు అనుమానం గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడే తక్కువ వోల్టులుగా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మీదికే పోతుంది. దాన్ని ఇంట్లోనే తేల్చేస్తామంటూ ఆన్‌లైన్‌లో ఎల్‌సీడీ టెస్టర్లు అమ్ముతున్నారు, రకాన్ని బట్టి ఆరు వందల నుంచి వెయ్యి రూపాయల దాకా. అరచేతిలో పట్టే డబ్బా. మదర్‌బోర్డుకు పోయే 24 పిన్ల కనెక్టరుకు ఒక సాకెట్టు, సీపీయూ 4/8 పిన్లకు, గ్రాఫిక్స్ కార్డు 6/8 పిన్లకు, హార్డ్‌డిస్కుకు పోయే సాటాకు, పాత డ్రైవులకు పోయే మోలెక్స్‌కు, పాత ఫ్లాపీకి తలా ఒకటి. పైన పేరు ఏదున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే, కాబట్టి బ్రాండు గురించి తల పట్టుకోనక్కర్లేదు.

ఇంకా చవగ్గా, ఎల్‌ఈడీలు మాత్రమే వెలిగే రకం ఒకటుంది. అది వద్దు. లైటు వెలిగితే కరెంటు వస్తోందని తెలుస్తుంది గానీ ఎన్ని వోల్టులో తెలియదు. పైగా అందులో చాలావాటికి మైనస్ 5 వోల్టుల లైటు ఒకటి ఉంటుంది. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో ఆ లైనే లేదు. అది వెలగలేదని నిక్షేపంలాంటి ఎస్‌ఎంపీఎస్‌ను పక్కన పడేసేవాళ్లున్నారు.

టెస్టర్ పెట్టే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. యూపీఎస్‌ను పక్కకు పెట్టి పవర్ కార్డును నేరుగా గోడ సాకెట్టుకు పెట్టండి. బ్యాటరీ పోయిన చిన్న యూపీఎస్‌లు కొన్ని మెయిన్ కరెంటు ఉన్నా ఆన్ కావు. కార్డు వదులుగా ఉందేమో, వెనక ఉండే చిన్న స్విచ్ సున్నా వైపు పడిందేమో చూడండి. మానిటర్ కార్డు, క్యాబినెట్‌కు పోయే పవర్ కార్డు చాలా ఇళ్లలో ఒకే రకం, రెండూ మార్చి చూస్తే కార్డు సంగతి తేలిపోతుంది.

ఇప్పుడు టెస్టర్. గోడ దగ్గర స్విచ్ ఆపి, కార్డు పీకి, 24 పిన్ల కనెక్టరును పక్కనున్న క్లిప్ నొక్కి పట్టుకుని తీయాలి. వైర్లు పట్టి లాగితే పిన్ను ఊడుతుంది. సీపీయూ దగ్గరి 4 లేదా 8 పిన్లది, హార్డ్‌డిస్కువి కూడా తీసేయాలి. 24 పిన్లది, సీపీయూది టెస్టర్‌కు పెట్టి అప్పుడు కరెంటు ఇవ్వాలి. సీపీయూది పెట్టకపోతే రెండో 12 వోల్టుల గడిలో 'ఎల్ఎల్' అని వచ్చి బీప్ కొడుతుంది. అది ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు, ఆ సాకెట్టు ఖాళీగా ఉందని అర్థం. మిగతా కనెక్టర్లను ఒకదాని తర్వాత ఒకటి చూడాలి, అన్నీ ఒకేసారి గుచ్చకూడదు. గ్రాఫిక్స్ కార్డు పిన్లను బలవంతంగా సీపీయూ సాకెట్టులోకి తోయొద్దు, వాటిలో 12 వోల్టులు, గ్రౌండ్ తలకిందులుగా ఉంటాయి. పరీక్షకు ఒక నిమిషం చాలు. కరెంటు గుంజే లోడుగా లోపల ఉండేవి చిన్న రెసిస్టర్లే, ఎక్కువసేపు ఉంచితే డబ్బా వేడెక్కుతుంది.

తెర మీద ఉండాల్సిన అంకెలు ఇవి: 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య, 3.3 వోల్టులది 3.14 నుంచి 3.46 మధ్య. మైనస్ 12 కొంచెం అటూ ఇటూ పోయినా నడుస్తుంది, 10.8 నుంచి 13.2 దాకా ఫర్వాలేదు. కంప్యూటర్ ఆపి ఉన్నా వచ్చే స్టాండ్‌బై 5 వోల్టులు కూడా 4.75కు తగ్గకూడదు. చివర 'పీజీ' (పవర్ గుడ్) అనే అంకె మిల్లీసెకన్లలో ఉంటుంది, అది 100 నుంచి 500 మధ్య ఉండాలి. చాలామంది వోల్టులు చూసి పీజీని వదిలేస్తారు. వోల్టేజీలు నిలకడకు వచ్చాయి, ఇక మొదలుపెట్టవచ్చని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు చెప్పే సంకేతం అది. అది రాకపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. అందరూ ర్యామ్‌ను, బోర్డును అనుమానిస్తారు. ఈ డబ్బాకు పెట్టిన డబ్బు గిట్టేది ఇక్కడే. మల్టీమీటర్‌తో పీజీ సంకేతం వచ్చే గ్రే వైరు మీద 5 వోల్టులు ఉన్నాయో లేదో తెలుస్తుంది గానీ ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూడలేం.

తెర అసలు వెలగకపోతే అదే ఫలితం. టెస్టర్‌కు సొంత బ్యాటరీ లేదు, ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే కరెంటుతోనే బతుకుతుంది. సాకెట్టు, కార్డు మంచివైతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. లోపలి ఫ్యూజు మార్చితే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎక్కువసార్లు ఫ్యూజు పోయేది వెనక ట్రాన్సిస్టరో డయోడ్లో షార్టు అయినందుకే, కొత్తది వేసినా కరెంటు ఇవ్వగానే టప్పుమంటుంది. మనం మూత తీయడం అసలే వద్దు. లోపల కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది, కార్డు పీకాక కూడా కొంతసేపు.

ఇంతవరకూ మెచ్చుకోలే. అసలు చిక్కు అన్ని అంకెలూ బాగా వచ్చినప్పుడు మొదలవుతుంది. కంప్యూటర్ లేచేటప్పుడు ప్రాసెసరు, హార్డ్‌డిస్కు కలిసి 12 వోల్టుల లైను నుంచి ఒక్కసారిగా గట్టిగా గుంజుతాయి. టెస్టర్ గుంజేది అందులో ఏ మూలకూ రాదు. ఖాళీ ట్రాలీని లాగిన ట్రాక్టరు బస్తాలతో నిండిన ట్రాలీని లాగుతుందన్న హామీ లేదు కదా. కెపాసిటర్లు ఎండిపోయిన ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ మీద 12.0 అని నిమ్మళంగా చూపించి, బోర్డుకు తగిలించగానే 11 కిందికి జారి ఆగిపోతుంది. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగడం, నాలుగైదు సార్లు నొక్కితేగానీ లేవకపోవడం దీని గుర్తులు.

మన జిల్లాల్లో ఈ రకం రోగమే ఎక్కువ కనబడటానికి కారణాలున్నాయి. కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క. నల్లగొండ ఎండాకాలం 40 దాటిన గదిలో, దుమ్ము పట్టి ఫ్యాన్ సరిగ్గా తిరగని ఎస్‌ఎంపీఎస్ లోపల ఎంత కాగుతుందో ఊహించుకోండి. మిర్యాలగూడలో రైసు మిల్లుల ఊక దుమ్ము, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము. వెనక జాలీ మూసుకుపోతే గాలి ఆడదు. కంప్యూటర్ ఆపినా గోడ స్విచ్ ఆపని ఇళ్లలో స్టాండ్‌బై సర్క్యూట్ రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది, ముందు ఎండిపోయేవి అక్కడి కెపాసిటర్లే. ఇది మాత్రం టెస్టర్ చాలాసార్లు పట్టుకుంటుంది, స్టాండ్‌బై గడిలో 4.5, 4.3 అని కనబడుతుంది.

పట్టుకోలేనిది ఇంకోటి: ఇంటి కరెంటు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లన్నీ ఎక్కిన వేళ వోల్టేజీ దిగుతుంది. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే తట్టుకుంటుంది. ఒక్క 230 అనే ఉన్న చవక రకం అయితే లో వోల్టేజీలో లేవదు. పొద్దున లేచి, మాపటికి లేవని కంప్యూటర్‌కు పొద్దునపూట టెస్టర్ పెడితే అన్నీ ఓకే అంటుంది, అబద్ధమూ కాదు. అలాంటి చోట సాకెట్టులోనే ఏసీ వోల్టేజీ కొలవాలి. ఫేజుకు ఎర్తుకు మధ్య, ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య రీడింగులు దాదాపు సమానంగా రావాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్ముమంటోందంటే చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ పాడైందని కాదు, ఎర్తింగ్ లేదని. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోయినా ఇదే తంతు, రెండు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలవండి. (బల్లి సంగతి కూడా చెప్పాలి. వెచ్చగా ఉంటుందని ఎస్‌ఎంపీఎస్‌లో దూరి, తాను పోతూ దాన్నీ తీసుకుపోతుంది. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగిస్తే ఈ బెడద తగ్గుతుంది.)

కొనేముందు మీ కంప్యూటర్ ఏదో చూసుకోండి. హైదరాబాద్ నుంచి తెచ్చే సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాపులు ఇప్పుడు ఇళ్లలో చాలా ఉన్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020 లాంటి వాటిలో బోర్డుకు పోయేది 24 పిన్లు కాదు, 8 పిన్ల కనెక్టరు. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో 6, కొన్ని లెనోవోల్లో 14 లేదా 10. ఈ టెస్టర్ వాటికి పట్టదు. డెల్ ఎస్‌ఎంపీఎస్‌లు చాలావాటికి వెనక చిన్న బటన్, పక్కన ఎల్‌ఈడీ ఉంటాయి. కార్డు పెట్టి బటన్ నొక్కితే ఆకుపచ్చ లైటు రావాలి, రాకపోతే లోపలి కేబుళ్లన్నీ తీసి మళ్లీ నొక్కాలి. అప్పుడు వస్తే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది, లోపల ఏదో షార్టు. ల్యాప్‌టాపులకు, ఆల్ ఇన్ వన్‌లకు ఈ టెస్టర్‌తో అసలు పనే లేదు.

ఒక్క కంప్యూటర్ ఉన్న ఇంటికి నా లెక్కలో రెండు మూడు వందల మల్టీమీటరే ముందు. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ ఏదైనా నల్ల వైరు రంధ్రంలో, ఎర్ర ప్రోబ్ 24 పిన్ల కనెక్టరు వెనక నుంచి స్టాండ్‌బై కరెంటు వచ్చే ఊదా వైరు పక్కన గుచ్చండి. కనెక్టర్ బోర్డులోనే ఉండనివ్వండి. కంప్యూటర్ ఆపి ఉన్నా 5 రావాలి. రాకపోతే ఎస్‌ఎంపీఎస్. వస్తే ఎర్ర ప్రోబ్‌ను, ఆన్ కమ్మని బోర్డు చెప్పే ఆకుపచ్చ వైరుకు మార్చి పవర్ బటన్ నొక్కించండి. ఆకుపచ్చ వైరు మీది వోల్టేజీ సున్నా దగ్గరికి పడి, అయినా ఏమీ తిరగకపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దో, లోడు వైపు షార్టుదో. అసలు పడకపోతే బటన్‌దో, బోర్డుదో. బోర్డు మీద పవర్ స్విచ్ పిన్లు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకిస్తే బటన్ సంగతి తేలుతుంది. ఇక 12 వోల్టులు వచ్చే పసుపు వైరు మీద ప్రోబ్ పెట్టి ఆన్ చేయండి. లేచే క్షణంలో 11.4 కిందికి జారితే టెస్టర్ దాచిపెట్టిన గుట్టు అదే. మీటరు అంకె మెల్లగా మారుతుంది కాబట్టి క్షణంలో పడి లేచేదాన్ని అది వదిలేయొచ్చు, ఇది దాని లోటు.

వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకు మాత్రం టెస్టర్‌దే పైచేయి. ఏది ఆకుపచ్చో ఏది ఊదానో వెతుకుతూ తప్పు పిన్లు కలపడం కంటే సాకెట్టులో గుచ్చడం నయం.

ఆన్ కాగానే టిక్కుమని ఆగిపోతూ, టెస్టర్ మీద అన్నీ బాగుంటే షార్టు కోసం వెతకాలి. హార్డ్‌డిస్కు, డీవీడీ, ముందువైపు యూఎస్‌బీకి పోయే వైరు తీసేసి చూడండి. ముందు యూఎస్‌బీలో నాలుక వంగి పిన్లు కలిసిపోవడం పిల్లలున్న ఇళ్లలో మామూలే. ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రమే రాకపోతే, పీజీ చూశాక ఈ డబ్బాను పక్కన పెట్టి ర్యామ్ బంగారు పళ్లను రబ్బరుతో తుడిచి ఒక్కొక్కటే పెట్టి చూడాలి. బోర్డుకు తగిలిస్తే తప్పేమిటో బీప్‌లతో చెప్పే ఇరవై ముప్పై రూపాయల చిన్న బజ్జర్ స్పీకర్ అక్కడ ఎక్కువ పనికొస్తుంది. అవార్డ్ రకం బయోస్ (కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) ఉన్న బోర్డుల్లో పొడవాటి బీప్ ఆగకుండా మోగితే ర్యామ్, ఒక పొడవు రెండు పొట్టి అయితే డిస్‌ప్లే.

టెస్టర్ ఎవరికి? పది ఇరవై కంప్యూటర్లున్న స్కూలు ల్యాబుకు, నెట్ సెంటర్‌కు, కొత్తగా రిపేరు నేర్చుకుంటున్నవాళ్లకు కొనొచ్చు. ఏ కంప్యూటర్‌ది పోయిందో రెండు నిమిషాల్లో విడదీస్తుంది, తప్పని చెప్పినప్పుడు దాదాపు ఎప్పుడూ నిజమే చెబుతుంది. ఐదింట మూడు మార్కులు. లోడు పెట్టలేని లోటుకు ఒకటి, చాలా ఆఫీసు డెస్క్‌టాపులకు పట్టనందుకు ఒకటి తీసేశాను.

మిగతావాళ్లు ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే విప్పుకుని దుకాణానికి పొండి, వెనక నాలుగు స్క్రూలు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బండి మీద క్యాబినెట్ మొత్తం మోసుకొస్తే కుదుపులకు ప్రాసెసరును చల్లబరిచే హీట్‌సింక్ కదిలి ఇంకో రోగం తోడవుతుంది. దుకాణంలో ఆకుపచ్చ, నల్ల వైర్లు కలిపి ఫ్యాన్ తిరిగిందని 'బానే ఉంది' అంటే సరిపెట్టుకోవద్దు. ఏదైనా బోర్డుకు తగిలించి పది నిమిషాలు నడిపించమని అడగండి.

ఆన్‌లైన్‌లో టెస్టర్ తెప్పించుకుంటే, మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టి రిటర్న్ గడువులోపే చూసుకోండి. 24 పిన్ల సాకెట్టు మరీ బిగుతుగా ఉండి క్లిప్ పడకపోవడం, 12 వోల్టుల గడి మల్టీమీటర్‌కంటే 0.2 తేడా చూపడం ఈ చవక డబ్బాల్లో ఉండేవే. తేడా 0.1 దాటితే వెనక్కి పంపండి.