కమీనో దారిలో సత్రాలు: ఎక్కడ దిగాలి, హుండీలో ఎంత వేయాలి

"పర్యాటకుడు అడిగి మరీ తీసుకుంటాడు, యాత్రికుడు ఇచ్చినదానికి దండం పెడతాడు" అనే అర్థం వచ్చే స్పానిష్ మాట కమీనో దారిలో, అంటే స్పెయిన్‌లోని సాంతియాగో నగరపు చర్చికి నడిచి వెళ్ళే పాత క్రైస్తవ యాత్రా మార్గంలో, చాలాచోట్ల కనిపిస్తుంది. వేడినీళ్ళు రాని సత్రంలో ఈ మాట చదివితే కాస్త ఒళ్ళు మండుతుంది కూడా. కానీ ఫ్రాన్స్‌లోని సెయింట్-జాన్-పియె-ద-పోర్ నుంచి సాంతియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు నడిచేవాళ్ళకు అది ఎంతవరకు నిజమవుతుందనేది ఎక్కువగా దిగిన బసను బట్టే ఉంటుంది.

మొదటి రోజే కష్టం. రోన్సెస్‌వాయెస్ దాకా 25 కిలోమీటర్లు, 1,200 మీటర్లకు పైగా ఎక్కుడు. నవంబరు నుంచి మార్చి చివరిదాకా కొండ మీది దారి మూసేస్తారు, వాల్కార్లోస్ లోయ గుండా వెళ్ళాలి. రోన్సెస్‌వాయెస్ సత్రం పెద్దది, శుభ్రమైనది, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన వాలంటీర్లు పద్ధతిగా నడుపుతారు. బాగుంటుంది గానీ, అంతమందిలో ఎవరు ఎవరో తెలియదు.

అసలు చూడవలసింది గ్రాన్యోన్ అనే ఊరు. చర్చికి ఆనుకుని ఉన్న సత్రంలో మంచాలుండవు, నేలమీద పరుపులే. వెళ్ళగానే చేతికి కత్తి ఇచ్చి కూరగాయలు తరగమన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందరూ ఒకే బల్ల దగ్గర తిని, గిన్నెలు కడిగి లేస్తారు. డబ్బు పెట్టె మూత తీసే ఉంటుంది. వేయగలిగినంత వేయండి, అవసరమైతే తీసుకోండి అని దాని మీద రాసి ఉంటుంది. ఈ రాత్రి భోజనం నిన్న దిగినవాళ్ళు వేసిన డబ్బుతో వండినదే. మీరు వేసేది రేపు వచ్చేవాళ్ళకు. ఎవరికి రుణపడ్డారో వాళ్ళు అప్పటికే ఒక రోజు నడక ముందున్నారు, వాళ్ళకు తిరిగి ఇచ్చే వీలే లేదు.

ఇలాంటి విరాళ సత్రాలను ఉచితం అనుకునేవాళ్ళే వాటిని ముంచుతున్నారు. లెక్క తేలికే: దగ్గర్లోని మున్సిపల్ సత్రంలో మంచం ధర, దానికి రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ ఖర్చు కలపండి. నా దృష్టిలో రెండు పూటలూ పెట్టినచోట 20 యూరోలకు తగ్గకూడదు. నిజంగా లేనివాళ్ళ మాట వేరు, ఆ పెట్టె ఉన్నదే వాళ్ళ కోసం. 5, 10 యూరోల నోట్లు ముందే పట్టణంలో మార్చి ఉంచుకోండి. జేబులో 50 నోటొకటే ఉంటే చివరికి హుండీలో పడేది చిల్లరే. పడుకునే ముందే వేసేయండి, తెల్లవారుజామున చీకట్లో సామాను సర్దుకునే హడావిడిలో మరిచిపోతారు.

బ్యాగు మంచం మీద పెట్టకండి. నల్లులు ఒక సత్రం నుంచి ఇంకోదానికి చేరేది ఎక్కువగా బ్యాగుల్లోనే. పరుపు కుట్ల దగ్గర నల్లటి చుక్కలు కనిపిస్తే వెంటనే వాలంటీరుకు చెప్పండి. చెప్పకుండా వెళ్ళిపోయి తర్వాత రివ్యూలో దుమ్మెత్తిపోస్తే ఆ రాత్రి అక్కడ పడుకునేవాళ్ళకు ఏం లాభం?

కాళ్ళ సంగతీ అంతే. చర్మం మంట పుట్టగానే బూటు విప్పి టేపు వేయాలి. బొబ్బ లేస్తే దాన్ని గుచ్చి నీరు తీయడానికి తోటి యాత్రికులు సూదీ దారంతో సాయానికి వస్తారు. మనసు మంచిదే, కానీ బొబ్బలో దారం వదిలేస్తే దాని వెంటే క్రిములు లోపలికి పోతాయి. థాంక్స్ చెప్పి, దారం మాత్రం వద్దనండి.

కారియోన్ దె లోస్ కోందెస్‌లో సన్యాసినులు నడిపే సత్రంలో సాయంత్రం పాటలుంటాయి. మర్నాడు కాల్సదియా దాకా 17 కిలోమీటర్లు ఊరు లేదు, నీడ దాదాపు లేదు. 2 లీటర్ల నీళ్ళు తప్పనిసరి. ఆ దారి చివర దొరికే కాఫీకి ఎవరూ వంక పెట్టరు.

దారంతా కనిపించే పసుపు బాణాలు 1980లలో ఒ సెబ్రెయిరో చర్చి ఫాదర్ ఎలియాస్ వాలిన్యా మొదలుపెట్టినవి. ఆ ఊరు దాటి సారియా చేరాక దారి తీరే మారిపోతుంది. యాత్ర చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్‌కు చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు కాబట్టి జనం ఒక్కసారిగా పెరుగుతారు, మంచాల కోసం పరుగులు మొదలవుతాయి. అక్కడ మాత్రం ప్రైవేటు సత్రం ముందే బుక్ చేసుకోవడం మేలు. బ్యాగు బండిలో పంపేవాళ్ళూ ప్రైవేటు సత్రమే చూసుకోవాలి, ప్రభుత్వ సత్రాల్లో అలా వచ్చిన బ్యాగులు తీసుకోరు. ఆ సర్టిఫికెట్ కోసం క్రెదెన్సియాల్‌లో, అంటే యాత్రికుడు వెంట ఉంచుకునే ముద్రల పుస్తకంలో, రోజుకు రెండు ముద్రలు మరవకండి.

నడిచాక ఏదైనా చేయాలనిపిస్తే సత్రంలో వాలంటీరుగా చేరవచ్చు. సాధారణంగా 15 రోజుల విడత, జీతం ఉండదు. ముందు కమీనో నడిచి ఉండాలి, చిన్న శిక్షణ తీసుకోవాలి. పనిలో ఎక్కువ భాగం బాత్రూములు కడగడమే.