జాగ్రత్త: ‘హై అండ్ లో’ ఒరిజినల్ డీవీడీ అంటే నమ్మి డబ్బు పంపకండి

పాత జపాన్ సినిమాల డిస్కులు కొనేవాళ్ళకి ఈ సెల్లర్ ఎవరో చెప్పక్కర్లేదు, పేరు రాయను. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘హై అండ్ లో’ ఇంపోర్టెడ్ ఒరిజినల్ అని 2,400 రూపాయలు ముందే తీసుకున్నాడు. వచ్చింది కాపీ కొట్టిన డిస్క్. కవర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. డిస్క్ తిప్పి చూస్తే వెనకంతా ఊదా రంగు. కంపెనీ డీవీడీకి ఆ రంగు ఉండదు.

పోనీ సినిమా అయినా సరిగ్గా ఉందా? అదీ లేదు. ఎడ్ మెక్‌బెయిన్ 1959లో రాసిన పోలీసు నవల ‘కింగ్స్ రాన్సమ్’ ఆధారంగా 1963లో దీన్ని తోహోస్కోప్ అనే వెడల్పాటి తెర పద్ధతిలో తీశారు. దాదాపు మొదటి గంటంతా యొకొహామాలో కొండమీద ఉన్న, చెప్పుల కంపెనీలో పెద్ద అధికారి గోండో ఇంటి హాల్లోనే నడుస్తుంది. కిడ్నాపర్ గోండో కొడుకనుకుని డ్రైవర్ కొడుకుని ఎత్తుకుపోతాడు. ఆ పిల్లాడి కోసం గోండో మూడు కోట్ల యెన్‌లు ఇస్తాడా లేదా అన్నదే గొడవంతా. గోండోగా వేసిన తొషిరో మిఫూనె ఒక పక్క, పోలీసులు ఇంకో పక్క, నోరెత్తలేక ఎక్కడో మూలన డ్రైవర్ అవోకి. ఈ డిస్క్‌లో ఫ్రేమ్‌ని రెండు పక్కలా కోసేశారు. అవోకి చాలాచోట్ల కనపడనే కనపడడు. సబ్‌టైటిల్స్‌లో మూడు కోట్లు కాస్తా ముప్ఫై లక్షలైపోయింది. ఐదు కోట్లు కూడబెట్టినవాడు ముప్ఫై లక్షల కోసం ఎందుకింత నలిగిపోతున్నాడని కొత్తగా చూసేవాడు అనుకోడా?

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణేమో. అసలు కడుపు మండింది వేరే చోట. (సినిమా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి.) కిడ్నాపర్‌కి ఇచ్చే డబ్బు బ్యాగుల్లో పోలీసులు ఒక రసాయన మందు దాచమంటారు, బ్యాగు తగలబెడితే రంగు పొగ రావడానికి. గోండో తన పాత పనిముట్ల సంచీ తెప్పించుకుని, చెప్పుల పని నేర్చుకున్న రోజుల్లోలాగా నేలమీద కూర్చుని, ఆ మందు బ్యాగుల్లో తనే కుడతాడు. ఆ తర్వాత ఒక పొగగొట్టంలోంచి గులాబి రంగు పొగ లేస్తుంది. సినిమా మొత్తం బ్లాక్ అండ్ వైట్, రంగున్నది ఆ ఒక్కచోటే. ఆ పొగ మా బావమరిదికి చూపించాలనే ఈ డిస్క్ కొన్నాను. సీన్ రాగానే ‘ఇదిగో చూడు’ అని వాడి భుజం తట్టాను. బూడిద రంగు పొగ వచ్చి పోయింది. వాడు నా మొహం చూస్తున్నాడు.

వెంటనే సెల్లర్‌కి ఫోన్ చేశాను. ఏమన్నాడో తెలుసా? ‘అరవై ఏళ్ళనాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా సార్, రంగెక్కణ్ణించి వస్తుంది?’ అసలు సినిమాలోని ఆ ఫ్రేమ్ పంపించాను. చూశాడు. చూసి, ‘ఒక్క సీన్ కోసం ఇంత గొడవేంటి సార్, కథ అర్థమైంది కదా’ అన్నాడు. డబ్బు తీసుకునే ముందు ఇదే మనిషి నాతో కురొసావా గురించి అరగంట మాట్లాడాడు. డబ్బు బ్యాగులు బయటికి పడేయాల్సిన రైలు బాత్రూం కిటికీ ఏడు సెంటీమీటర్లే తెరుచుకుంటుందని, అందుకే బ్యాగులూ అంతే మందం ఉండాలంటారని అతనే గుర్తు చేశాడు. సినిమా మీద ప్రేమున్న మనిషనిపించింది, ఆ మాటలకే ఇంకేమీ అడగకుండా పంపించాను. మనకి ఏది ప్రాణమో తెలుసుకుని, దాన్నే ఎరగా వేసి డబ్బు లాక్కోవడం మామూలు మోసం కాదు. రీఫండ్ అడిగితే ‘సీల్ తీశాక కుదరదు’ అన్నాడు. సీల్ తీయకుండా డిస్క్ ఎలా చూస్తారు? ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

అతని లిస్టులో ఇప్పుడు ఇంకొన్ని పాత జపాన్ క్రైమ్ సినిమాలు కూడా ఉన్నాయి. ఎవరైనా కొనాలనుకుంటే ముందు డిస్క్ వెనకవైపు ఫోటో, ప్లేయర్‌లో ఆడుతుండగా తీసిన వీడియో అడగండి. ‘హై అండ్ లో’ అయితే ఆ పొగ సీనే చూపించమనండి. ఇప్పటికే డబ్బు పంపినవాళ్ళుంటే పేమెంట్ స్క్రీన్‌షాట్లు, చాట్లు తీసేయకుండా ఉంచుకుని నాకు చెప్పండి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి అందరం ఫిర్యాదు చేద్దాం.