మాలగలో స్పానిష్ చదువు: బడి కన్నా ముందు బస చూసుకోవాలి

స్పెయిన్ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న మాలగ నగరానికి స్పానిష్ నేర్చుకోవడానికి ఏడాది పొడవునా విదేశీ విద్యార్థులు వస్తూనే ఉంటారు. ఎండ, సముద్రం, అందుబాటు ధరలు, ఊరి నిండా భాషా బడులు ఉండడం ఇందుకు కారణాలు. హైదరాబాదులో ప్రాథమిక స్థాయి వరకు చదివి, పుస్తకం మూసి మాట్లాడడం అలవాటు చేసుకోవాలన్న ఉద్దేశంతో నేను ఈ ఊరిని ఎంచుకున్నాను. ఇక్కడ ఉండి చదివిన తర్వాత నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: మంచి పేరున్న బడుల మధ్య తేడా మనం ఇంటర్నెట్లో వెతుకుతూ ఊహించుకున్నంత పెద్దది కాదు, బసకూ బసకూ మధ్య ఉన్న తేడా మాత్రం మనం ఎంత భాష నేర్చుకుని తిరిగి వస్తామో తేల్చేస్తుంది. మనవాళ్లు చాలామంది బడిని నెలల తరబడి పరిశీలించి, బసను చివరి వారంలో ఏదో ఒకటిలే అని ఖాయం చేసుకుంటారు. ఆ వరుస మారాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఊరి ఎంపిక సంగతి చూద్దాం. సముద్రతీర నగరాలలో బార్సిలోనా పేరు అందరికీ తెలిసినదే గాని, అక్కడ కాతలాన్ కూడా అధికార భాష. బడిపిల్లల చదువు, వీధి పలకలు చాలావరకు ఆ భాషలోనే ఉంటాయి. వలెన్సియా, అలికాంతే నగరాలలోనూ వలెన్సియన్ భాష స్పానిష్‌తో సమాన హోదాలో ఉంటుంది. అయితే అలికాంతేలో వీధి సంభాషణ ఎక్కువగా స్పానిష్‌లోనే నడుస్తుంది కాబట్టి దానిని పూర్తిగా తోసిపుచ్చలేము. మాలగ ఉన్న ఆందలూసియా ప్రాంతంలో రెండో అధికార భాష లేదు. అదే ప్రాంతంలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న కాదిస్ నన్ను బాగా ఆకర్షించింది. చుట్టూ నీళ్లున్న ఆ పాత పట్టణంలో పర్యాటకుల తాకిడి తక్కువ, జనం కలుపుగోలు మనుషులు. కాని అక్కడ బడులు తక్కువ, లెవాంతే అనే తూర్పుగాలి పట్టిందంటే రోజుల తరబడి బయట తిరగడం కష్టం, మాట్లాడే వేగం కొత్తవారికి అందదు. మధ్యస్థాయి దాటినవారికి కాదిస్, అంతకు ముందున్నవారికి మాలగ అన్నది నా లెక్క.

మాలగకు ఉన్న అసలు లోపం దాని ఆకర్షణలోనే ఉంది. కోస్తా దెల్ సోల్ తీరానికంతటికీ ఇదే ద్వారం కనుక బ్రిటన్, జర్మనీ, ఉత్తర ఐరోపా దేశాల నుంచి వచ్చేవారితో నగరం నడిబొడ్డు నిండి ఉంటుంది. 1891లో ప్రారంభమైన లారియోస్ వీధిలో గాని, పికాసో పుట్టిన మెర్సెద్ కూడలి చుట్టుపక్కల గాని మనం కష్టపడి కూర్చుకున్న స్పానిష్ వాక్యానికి సర్వర్ మర్యాదగా ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. అతని తప్పేమీ లేదు, అతనికి పని త్వరగా తెమలాలి. కాని భాష కోసం డబ్బు పెట్టి వచ్చిన మనకు అది నష్టం. బస విషయం అంత ముఖ్యమని నేను చెప్పడానికి మూలకారణం ఇదే.

వీసా గురించి క్లుప్తంగా చెబుతాను. 90 రోజుల లోపు కోర్సుకు షెన్‌గెన్ వీసా సరిపోతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ ఆరోగ్య బీమా చూపించాలి. అంతకు మించి ఉండాలంటే విద్యార్థి వీసా కావాలి. దానికి వారానికి కనీసం 20 గంటల చదువు ఉన్న కోర్సు, నెలకు సుమారు 600 యూరోల చొప్పున ఖర్చుకు ఆధారం, స్పెయిన్‌లో చెల్లే బీమా అడుగుతారు. ఉండే కాలం ఆరు నెలలు దాటితే పోలీసు ధ్రువపత్రం కూడా తోడవుతుంది. 2025 మే నెలలో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి కాబట్టి, ఏళ్ల కిందట వెళ్లి వచ్చినవారు చెప్పే మాటల మీద ఆధారపడకుండా కాన్సులేట్ వారి తాజా జాబితా చూసుకోవడం క్షేమం.

ఇక బడులు. ఇన్‌స్తితూతొ సెర్వాంతెస్ అనే ప్రభుత్వ సంస్థ 1991లో ఏర్పడింది. అది గుర్తింపు ఇచ్చిన బడిని ఎంచుకుంటే తరగతి గదులు, ఉపాధ్యాయుల అర్హతలు ఒక స్థాయికి తగ్గవు. ఆ గుర్తింపు ఉందని తేలాక ధరలు పోల్చేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వారానికి 20 పాఠాలు అని అందరూ రాస్తారు గాని, ఒకచోట పాఠం 45 నిమిషాలు, మరొకచోట 50, ఇంకొకచోట 55. నెల మీద లెక్కిస్తే పన్నెండు గంటలకు పైగా తేడా తేలుతుంది. రిజిస్ట్రేషన్ రుసుము, పుస్తకాల ధర విడిగా ఉంటాయి. ప్రభుత్వ సెలవు రోజున పోయిన పాఠానికి బదులు పాఠం చెప్పే బడులూ ఉన్నాయి, చెప్పనివీ ఉన్నాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన విషయం, చాలా బడులలో ప్రతి సోమవారం కొత్త విద్యార్థులు చేరడం. ఒక వారానికి వచ్చేవారు, మూడు నెలలకు వచ్చినవారు ఒకే గదిలో కూర్చుంటారు. సోమవారం పరిచయాలతోనూ, మంగళవారం కొత్తవారికి పాత పాఠం తిరిగి చెప్పడంతోనూ గడిచిపోతుంది. ఎక్కువ కాలం ఉండదలచుకున్నవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. దీర్ఘకాలానికి మాలగ విశ్వవిద్యాలయం విదేశీయుల కోసం నడిపే కోర్సులు మేలని నాకు అనిపించింది, ఎందుకంటే అక్కడ తరగతి మొదటి నుంచి చివరి దాకా ఒకే బృందంగా సాగుతుంది. ప్రాంతీయ ప్రభుత్వం నడిపే భాషా పాఠశాలలు అన్నిటికన్నా చౌక. అయితే వాటిలో ప్రవేశాలు ఏడాదిలో నిర్ణీత సమయంలోనే జరుగుతాయి కనుక అక్కడ నివాసం ఉన్నవారికే అవి అనుకూలం.

తరగతిలో తెలుగువారికి కలిసివచ్చే అంశాలు నిజంగా ఉన్నాయి. స్పానిష్ అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉలకు దగ్గరగా ఉంటాయి. త, ద అక్షరాలు మనం దంతాలకు నాలుక ఆనించి పలికినట్టే పలకాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ట, డ వైపు జారిపోతుంటే మనకు ఆ ఇబ్బంది లేదు. క్రియ చివరను బట్టే కర్త తెలిసిపోతుంది కాబట్టి నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పనక్కరలేదు. నాకు కాఫీ ఇష్టం, నాకు తల నొప్పిగా ఉంది అని మనం చెప్పే కట్టుబడిలోనే స్పానిష్ వాక్యం కూడా నడుస్తుంది. ఆ పాఠం రోజున పక్కనున్నవారు తలలు పట్టుకుంటే మనం హాయిగా ముందుకు పోవచ్చు. ప్రాణం లేని వస్తువులకు స్త్రీపురుష భేదం, ఉండడం అనే అర్థంలో రెండు వేర్వేరు క్రియలు, సందేహాన్నీ కోరికనూ తెలిపే ప్రత్యేక క్రియారూపాలు మాత్రం అందరితో పాటు మనకూ కష్టమే.

ఉచ్చారణ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ఆందలూసియా వారు అక్షరం చివర వచ్చే సకారాన్ని దాదాపు మింగేస్తారు, రెండు అచ్చుల మధ్య దకారం కూడా తరచుగా జారిపోతుంది. బడిలో 'మాస్ ఒ మెనోస్' అని నేర్చుకున్నది కూరగాయల అంగడిలో 'మా ఒ మెనొ' అని వినిపిస్తుంది. మొదట్లో బెంగ కలుగుతుంది గాని, దీని వల్ల నేర్చుకునే భాష చెడిపోతుందన్న భయం అనవసరం. ఉపాధ్యాయులు ప్రామాణికంగానే చెబుతారు. పైగా ఈ యాసకు చెవి అలవాటు పడినవారికి మద్రీద్ మాట చాలా తేలికగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయమైన బస దగ్గరకు వద్దాం. బడులు సాధారణంగా మూడు రకాల బసలు చూపిస్తాయి: విద్యార్థి వసతిగృహం, తోటి విద్యార్థులతో పంచుకునే ఫ్లాటు, స్థానిక కుటుంబం ఇంట్లో గది. వసతిగృహంలో గది శుభ్రంగా ఉంటుంది, తోడు దొరుకుతుంది. కాని వంటగదిలో పది దేశాలవారు చేరితే మధ్యలో నిలిచే భాష ఇంగ్లీషే. నగరం నడిబొడ్డున పంచుకునే ఫ్లాటులో నేను కొన్నాళ్లు ఉన్నాను. కింద వీధిలో రాత్రి రెండు గంటల దాకా సందడి, పక్క ఫ్లాట్లన్నీ పర్యాటకులకు అద్దెకిచ్చినవే కావడం వల్ల రోజూ కొత్త ముఖాలు. బడి అయిదు నిమిషాల నడక అన్న ఒక్క సౌకర్యం కోసం సాయంత్రాలన్నీ పోగొట్టుకోవడం నాకు గిట్టుబాటు అనిపించలేదు.

అందుకని తూర్పు వైపున, సముద్రం ఒడ్డునే ఉన్న పెద్రెగలేఖో పేటలో ఒక పెద్దావిడ ఇంటికి మారాను. ఒకప్పుడు జాలరుల ఇళ్లున్న పేట అది. ఇప్పటికీ పొట్టి పొట్టి ఇళ్లు, చిన్న చిన్న ఇసుక తిన్నెలు, వాటి వెంట నడకదారి ఉంటాయి. అక్కడ నుంచి నగరం మధ్యలోని అలమేద వీధికి 11వ నంబరు బస్సు తరచుగా దొరుకుతుంది. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. శీతాకాలంలో ఆ ఇంటి పాలరాతి నేల కాళ్లు పెట్టలేనంత చల్లగా ఉండేది, ఎందుకంటే ఎండ ఊరు కదా అని ఇక్కడి పాత ఇళ్లలో గదులు వేడి చేసే ఏర్పాటు పెద్దగా చేయరు. బదులుగా ముందుగదిలో ఒక గుండ్రటి బల్ల, దాని కింద చిన్న విద్యుత్ కుంపటి, నేల దాకా వేలాడే దళసరి బట్ట ఉంటాయి. ఆ బట్టను మోకాళ్ల మీదికి లాక్కుని అందరం ఆ బల్ల చుట్టూనే కూర్చోవలసి వచ్చేది. వెచ్చదనం కోసం కూర్చున్నాక మాట తప్పదు: టీవీలో వార్తలు, మార్కెట్టులో ధరలు, మనవడి పరీక్షలు, మా ఊళ్లో వానాకాలం ఎలా ఉంటుందన్న ప్రశ్నలు. భూతకాలపు రెండు క్రియారూపాల మధ్య తేడా బడిలో అభ్యాసాలు చేసినప్పుడు కాక, ఆవిడ తన చిన్నప్పటి సంగతులు చెబుతుంటే నాకు పట్టుబడింది. తప్పు మాట్లాడితే ఆవిడ దిద్దేది కాదు, అదే వాక్యాన్ని సరిగా తిరిగి అని తలూపేది. ఇంతకు మించిన గురువును ఏ బడీ ఇవ్వలేదు.

అయితే అన్ని కుటుంబాలూ ఇలాగే ఉంటాయని నేను భరోసా ఇవ్వలేను. ఒకేసారి నలుగురైదుగురు విద్యార్థులను పెట్టుకుని, భోజనం ముందుగానే వడ్డించి, కుటుంబం వేరుగా తినే ఇళ్లు కూడా ఉన్నాయి. గది ఖాయం చేసుకునే ముందు రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగడం మంచిది: ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారు, రాత్రి భోజనం ఇంటివారితో కలిసి ఉంటుందా. జవాబు దాటవేస్తే మరో ఇల్లు అడగాలి.

శాకాహారుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మాంసం తినను అని చెబితే చేప పెడతారు, సూపులో పంది మాంసం ముక్కలు చిన్నవి కనుక పరవాలేదనుకుంటారు. మాంసం, చేప, హామ్ (పంది మాంసం) మూడింటి పేర్లూ విడివిడిగా చెప్పి వద్దనాలి. అలా చెబితే ఇంటి వంటలో బంగాళాదుంప అట్టు (గుడ్డు తినేవారికి), శనగలతో పాలకూర, మాంసం లేకుండా వండిన పెసలంత పప్పుల పులుసు, బాదం వెల్లుల్లి రొట్టె నూరి చేసిన ఆహోబ్లాంకో అనే చల్లని సూపు, చెరకు పానకం పోసిన వంకాయ వేపుళ్లు దొరుకుతాయి. కారం ఆశించకూడదు, ఊరగాయ సీసా తీసుకువెళ్లినవారికి దిగులుండదు. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక అన్నది కూడా ముందే మనసుకు చెప్పుకోవాలి. మాంసాహారులు మాత్రం సముద్రం ఒడ్డున ఇసుక నింపిన పడవలో నిప్పులు పేర్చి, చువ్వకు గుచ్చి కాల్చే సార్డీన్ చేపలను తప్పక తినాలి.

భాష సాధనకు బసకు తోడు మార్కెట్టు మంచి చోటు. నడిబొడ్డులోని అతారసానాస్ మార్కెట్టు అందమైనదే, కాని అక్కడ కూడా పర్యాటకులే ఎక్కువ. పేటలోని చిన్న మార్కెట్టుకు వెళ్తే వరుసలో నిలబడరు. వచ్చినవారు చివరివారు ఎవరు అని అడిగి, చేయి ఎత్తిన మనిషిని గుర్తుపెట్టుకుని, పక్కన ఎక్కడైనా నిలబడతారు. ఆ ప్రశ్న గట్టిగా అడగగలిగిన రోజు నుంచి అమ్మేవారు మనతో స్పానిష్‌లో తప్ప మాట్లాడరు.

విహారాలకు ఊరు అనుకూలమైనదే. 2003లో తెరిచిన పికాసో మ్యూజియం, కొండ మీది అల్కసాబా కోట ఒక్క రోజులో చూడవచ్చు. గ్రనాదా నగరంలోని అల్హంబ్రా కోట టిక్కెట్లు వారాల ముందే అయిపోతాయి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. మార్చిలో జరిగే మాలగ చలనచిత్రోత్సవంలో స్పానిష్ భాషా చిత్రాలే ప్రధానం కాబట్టి విద్యార్థులకు అది ప్రత్యేకంగా ఉపయోగం. ఆగస్టు మాత్రం చదువుకు తగిన నెల కాదు: నగర జాతర, పెరిగిన గదుల ధరలు, తెర్రాల్ అనే వేడిగాలి కలిసి శ్రద్ధను చెదరగొడతాయి. అక్టోబరు నుంచి మే వరకు, ఈస్టరు ముందు వారం ఊరేగింపుల రద్దీని మినహాయిస్తే, మంచి కాలం.

స్పానిష్ వచ్చునని చూపే ధ్రువపత్రం కావలసినవారు డెలె అనే భాషా పరీక్ష తేదీ చూసుకున్నాకే కోర్సు తేదీలు నిర్ణయించుకోవాలి. డెలె జీవితకాలం చెల్లుతుంది, అలాంటిదే మరో పరీక్ష సియెలె అయిదేళ్లే చెల్లుతుంది. ఢిల్లీలోని సెర్వాంతెస్ కేంద్రంలోనూ డెలె రాయవచ్చు కాబట్టి మాలగలో ఉన్న రోజులను పరీక్ష నమూనా పత్రాలకు కేటాయించి, సాయంత్రాలు గదిలో గడపవలసిన అవసరం లేదు.